పెంకుల దున్నను నేను పారేసిన వేసవి

నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఉత్తరం రాసింది. "మేడమ్, ఈ పని గురించి నాలుగు ముక్కలు రాసి పంపండి" అని. నాలుగు ముక్కలతో సరిపెట్టడం నాకు చేతకాదని ఆ కాలేజీలో గోడల్ని అడిగినా చెబుతాయి. నేను లేచి నిలబడితే స్టాఫ్ మీటింగులో సగం మంది గడియారాలు చూసుకునేవాళ్ళు. కాబట్టి ఓపిక ఉంటే చదువు, లేకపోతే సొరుగులో పడెయ్.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. ఫైళ్ళ గురించి రాయను. అవి నువ్వే నేర్చుకుంటావు, ఏడుస్తూ.

అసలు పని

చీరాల దాటాక ఉన్న ఆ కాలేజీలో నేను మ్యూజియం అసిస్టెంటుగా చేశాను. వినడానికి బాగుంటుంది. చేసేదేమిటంటే, కోట్ల ఏళ్ళ క్రితం చచ్చి రాయిగా మారిన ఎముకల చుట్టూ అంటుకున్న మట్టిని సూదితో గీకడం, బ్రష్షుతో దులపడం, విరిగితే జిగురు పెట్టి అతికించడం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి బొటనవేలు గోరంత ఎముక బయటపడేది. ఊరివాళ్ళు చూడటానికి వచ్చి "రాక్షసబల్లి ఏదండీ?" అని అడిగేవారు. అది రాక్షసీ కాదు, బల్లీ కాదు అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. యాభై రెండేళ్ళకే ఉద్యోగం మానుకున్నది కూడా ఆ గొంతు వల్లే. ముప్పై ఏళ్ళ రాతిదుమ్ము ఊరికే పోదు. నువ్వు మాత్రం మొదటిరోజు నుంచే ముక్కుకి గుడ్డ కట్టుకో. అందం తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొక మాట. సూది పట్టిన చెయ్యి తొందరపడకూడదని అందరూ చెబుతారు. సూది పట్టని చెయ్యి, అంటే గుమ్మంలో నిలబడి ఇది ఉంచు, అది తీసెయ్ అని ఊపే చెయ్యి, దాన్ని గురించి ఎవరూ చెప్పరు. నేను చెప్పబోయేది ఆ చెయ్యి గురించే.

మా పెద్దాయన

మా శాఖకు పెద్ద శేషగిరిరావు గారు. ఏటా ఎండాకాలంలో అందరూ ఊళ్ళకు పోతుంటే ఆయన గోదావరి పక్క అడవుల్లోకి పోయేవాడు. అక్కడి ఎర్రరాతి గుట్టల్లో దొరికిన ఎముక ముక్కల్ని గోనెగోతాల్లో నింపి లారీ మీద తెచ్చేవాడు, తను కూడా ఆ గోతాల మీదే కూర్చుని. ప్రొఫెసర్ని అలా చూసి వాచ్‌మన్ ఒకసారి "సామాను వెనకవైపు దింపుకోవయ్యా" అన్నాడు. ఆయన దింపుకున్నాడు కూడా.

ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ నన్ను ఒక్కసారి కూడా కాఫీ తెమ్మనలేదు. నాకు తెలియని మాట అడిగితే పుస్తకం తెరిచి నా చేతికిచ్చేవాడు. కానీ ఒక జబ్బు ఉండేది. ఒకసారి నోటి నుంచి మాట వచ్చిందంటే ఇక వెనక్కి తీసుకోడు. దాని మీద మేమిద్దరం అరుచుకోని వారం లేదు. ఆయనతో నాకు పడేది కాదు. ఆయన్ని మించిన మనిషిని నేను చూడలేదు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరట్లేదని నువ్వనుకుంటే, నువ్వింకా మంచి పైఅధికారి కింద పనిచేయలేదని అర్థం.

మొదటి తప్పు, చిన్నది

ఆరేళ్ళలో ఆయన తెచ్చిన గోతాలు పద్దెనిమిది. గదిలో చోటు లేక వెనక వరండాలో పేర్పించాను. ఏ ముక్క ఏ గుట్టలో దొరికిందో కాగితం చీటీల మీద రాసి గోతాల్లో వేశాను. ఆరో ఏడు కార్తీకంలో తుఫాను కొట్టింది. తడిసిన గోనె చెదలకు విందుభోజనం. ఎండాకాలంలో విప్పి చూస్తే చీటీల బదులు మట్టి ఉంది. గోతాలు చిరిగి ముక్కలన్నీ కలగలిసిపోయాయి. అందుకే, కాగితాన్ని నమ్మకు. ఎముక మీదే, మూలన, నల్ల ఇంకుతో అంకె వెయ్.

శేషగిరిరావు గారు పెద్దగా కంగారుపడలేదు. "సుశీలా, అందులో ఉన్నవి రెండే రకాలు. మొసలి వీపు మీది పెంకులు, తాబేటి చిప్పలు. ఏరించి రెండు కుప్పలు పెట్టు చాలు. జూన్‌లో మొసలి మీద వ్యాసం రాస్తాను" అని పరీక్ష పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్ళిపోయాడు.

వేల ముక్కలు. నేనొక్కదాన్ని. అప్పుడే మిరప కోతలు, కల్లాల్లో కాయ ఏరే పని అయిపోయి పర్చూరు వైపు పల్లెల ఆడవాళ్ళు ఖాళీగా ఉన్నారు. కబురు పెడితే ఇద్దరు వచ్చారు. మరియమ్మ, ఆవిడ కోడలు సుగుణ. మరియమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది. అయినా నేను ఆవిణ్ణి నువ్వు అన్నాను, ఆవిడ నన్ను మీరు అంది. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు.

వేరే చేను కాయ

కాయ ఏరడం నువ్వు చూశావో లేదో. నేను చూశాననే అనుకునేదాన్ని, రోడ్డు మీద బస్సులోంచి. ఆ చేతుల్ని దగ్గర కూర్చుని చూసింది ఆ వేసవిలోనే, అదీ ఎముకల మీద. వాళ్ళు కళ్ళతో ఏరరు. కళ్ళు ఎక్కడో ఉంటాయి, నోరు ఊళ్ళో కబుర్లు చెబుతూ ఉంటుంది. ఏరేది వేళ్ళు. తొడిమ ఎంత మందం, తోలు ఎంత గట్టి, ఊపితే గింజ ఎలా మోగుతుంది, అన్నీ చేతికి తెలుస్తాయి.

మరియమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. కల్లంలో నలుగురు రైతుల కాయ పక్కపక్కనే ఆరబోస్తారు. గాలికో, కోడి కెలికో ఒకరి కాయ ఇంకొకరి రాశిలో పడుతుంది. ఏరేవాళ్ళు దాన్ని గుర్తుపట్టి ఒడిలో వేసుకుని సాయంత్రం ఆ రైతు రాశిలో పోసి వస్తారు. ఒక్క కాయైనా సరే. "కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను నేను.

"మా చేతికి తెల్సుద్ది గదమ్మా" అంది మరియమ్మ.

సుగుణ కిసుక్కుమంది. "మా అత్త చేతికి అన్నీ తెలుస్తయ్యమ్మా. కూరలో ఉప్పు తప్ప."

"నోర్ముయ్యవే. ఆ ఉప్పేసేది నువ్వేగా."

మూడో రోజు నేను టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి చూస్తే రెండు కుప్పలు ఉండాల్సిన చోట మూడున్నాయి. నల్లగా, పైన గుంటలు గుంటలుగా ఉన్నవి మొసలివి. పల్చగా, చదునుగా ఉన్నవి తాబేటివి. గోడవారగా మూడోది, వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది.

"ఆ తెల్లవేంటి?"

"అయ్యి వేరేయమ్మా."

"వేరే ఏం కాదు. ఎండకీ వానకీ రంగుపోయిన మొసలి పెంకులే. తాలు."

రంగు వెలిసిన మిరపకాయను తాలు అంటారు. వాళ్ళ మాట వాళ్ళకే అప్పజెప్పానని నాకు లోపల ఒక గర్వం.

మరియమ్మ తలెత్తింది. "తాలు గాదమ్మా. తాలైతే మాకు తెలవదా? ఇది వేరే చేను కాయ."

"మరియమ్మా, నువ్వు మిరపకాయలు చూసుకో. ఎముకలు నేను చూస్తాను."

ఆ మాట అక్షరం మార్చకుండా రాశాను. బీయెస్సీ చదువుకున్నదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఎముకలతో కాపురం చేస్తున్నదాన్ని. వంగి ఒక్క ముక్కైనా చేత్తో తీసుకోలేదు. పైతోలు అరిగిపోయిన ముక్కల్ని మేము మామూలుగా పారేస్తుండేవాళ్ళం. అదే అలవాటుతో, కాలేజీ ముందు కొత్త సైకిల్ షెడ్డుకి గుంట పూడ్చి నేల ఎత్తు చేస్తుంటే అందులో పోయమన్నాను. మరియమ్మ గంప ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వాచ్‌మన్‌ని పిలిచి ఎత్తించాను.

సమ్మె

మర్నాడు పొద్దున అత్తాకోడళ్ళు వచ్చారు గానీ వరండా మెట్టు ఎక్కలేదు.

"ఏం, లోపలికి రారా?"

"రామమ్మా."

"ఎందుకని?"

"వేరేవోళ్ళ కాయ గుంటలో పోసిన కల్లంలో మేం కూకోం" అంది మరియమ్మ. "రేపు మా మీద మాటొచ్చిద్ది."

నాకు ఒళ్ళు మండింది. "ఎవరంటారమ్మా మాట? ఆ జంతువు చచ్చి కోట్ల ఏళ్ళయింది. అదొచ్చి నా కాయేదని అడుగుతుందా?"

"అది అడగలేదు గాబట్టే మనం చూడాలమ్మా."

ఎంతమంది లెక్చరర్లతో వాదించానో, ఎంతమంది నోళ్ళు మూయించానో.  ఇక్కడ మాత్రం ఓడినవాళ్ళు చేసేదే నేనూ చేశాను. గొంతు పెంచాను. మరియమ్మ అంతా విని, కొంగు ముడి విప్పి రెండు ముక్కలు తీసింది.

"కళ్ళు మూసుకోండమ్మా."

"ఏంటీ ఆటలు?"

"మూసుకోండి. కళ్ళుంటే మీరు చదూకున్నోళ్ళయిపోతారు."

మూసుకున్నాను. మొదటి ముక్క చేతిలో పెట్టింది. పైన గుంటలు, అడుగున చదును. మొసలి. రెండోది పెట్టింది. పైన గుంటల్లేవు. నడిమధ్య ఇంటికప్పు కొప్పులా ఒక గట్టు నడిచింది. తిప్పితే అడుగు లోతుగా ఉంది, బొటనవేలు పూర్తిగా దిగింది. గిన్నెలా. మొసలి పెంకు అడుగున అంత గుల్ల ఉండదు. అది నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఒంటి నిండా పెంకులు కప్పుకుని ఆకులు మేసే ఒక డైనోసార్ ఉండేదని, దాని పెంకులు ఇలాగే గుల్లగా ఉంటాయని శేషగిరిరావు గారే ఒకసారి పుస్తకం తెరిచి నా చేతికిచ్చాడు. మన దేశంలో దాని జాడ దొరకడమే గగనమని కూడా అందులో ఉంది.

కళ్ళు తెరిచాను. చెప్పుల్లేకుండా షెడ్డు వైపు పరుగెత్తాను.

దిమ్మిస

మేస్త్రీ వెంకటప్పయ్య అప్పటికే నీళ్ళు చల్లి నేల మీద దిమ్మిస కొట్టిస్తున్నాడు. ఆ బరువు దిమ్మ ఎత్తి వేసినప్పుడల్లా కింద ఏదో పటపటమంటోంది.

"ఆపు! ఆపవయ్యా!"

"ఏందమ్మా, నిన్న పొయ్యమందీ మీరే, ఇయ్యాల ఆపమందీ మీరే. మద్దెలో నా దిమ్మిసేమన్నా పిచ్చిదా?"

"పిచ్చిది అది కాదులే. తవ్వాలి."

"ఏంది, కొట్టిన నేలా?"

"కొట్టిన నేలే!"

అప్పటికి మరియమ్మ, సుగుణ వచ్చి నేల మీద కూర్చున్నారు. గునపం వద్దన్నారు. వేళ్ళతో, కొబ్బరిచిప్పతో తవ్వారు. నేనూ కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి గురించి మొదటి పేజీలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది. మిరపగింజలు జల్లించే జల్లెడ తెచ్చి మట్టంతా జల్లించింది సుగుణ. ఎక్కువ భాగం దొరికాయి. పదకొండు పెంకులు మాత్రం దిమ్మిస కింద పిండి అయ్యాయి. ఆ పిండి కూడా ఎత్తి డబ్బాలో పోశాను. ఎందుకో తెలియదు.

రెండో రోజు మధ్యాహ్నం సుగుణ జల్లెడలోంచి ఒకటి తీసి "అమ్మా, ఇది పెంకు గాదు, ఏదో ఆకు కొస" అంది. గోరులో సగం కూడా లేదు. వేపాకు చివరలాగుంది, అంచున రంపంలాంటి నొక్కులు. పన్ను! మొసలి పన్ను మేకులా ఉంటుంది. ఇది ఆకు నమిలే పన్ను. ఒక పెంకు గుల్లలో పేరుకున్న మట్టిగడ్డలో ఇరుక్కుని ఉండి, దిమ్మిస దెబ్బకు బయటపడింది.

మొసలి కాదు

శేషగిరిరావు గారు గుంటూరు నుంచి వచ్చేసరికి మూడు కుప్పలూ బల్ల మీద ఉన్నాయి. పన్ను అగ్గిపెట్టెలో దూది మీద ఉంది. మరియమ్మ గుమ్మం బయట నిలబడింది. నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను.

"మూడోది కూడా మొసలే" అన్నాడు ఆయన దూరం నుంచే. అచ్చం నాలాగే, గుమ్మంలోంచే.

"కళ్ళు మూసుకోండి సార్" అన్నాను.

"నీకేమైనా మతిపోయిందా సుశీలా?"

"పోయింది. నాలుగు రోజులైంది. మూసుకోండి."

ఒక్కొక్క ముక్కా ఆయన చేతిలో పెట్టింది మరియమ్మ. ఐదో ముక్క దగ్గర ఆయన వేలు గుల్లలో ఆగిపోయింది. తర్వాత పన్ను చూశాడు. భూతద్దం కింద ఎంతసేపు చూశాడంటే, తల ఎత్తినప్పుడు కంటి చుట్టూ అద్దం అచ్చు పడి ఉంది. నేను గొడవకి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన నన్ను చూడలేదు. మరియమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఆరేళ్ళుగా నేను దీన్ని మొసలి అంటున్నాను. తప్పు."

ముప్పై ఏళ్ళ కొలువులో ఆయన నోటి నుంచి ఆ రెండక్షరాలు నేను విన్నది ఆ ఒక్కసారే.

"అదెట్టుండేదయ్యా?" అంది మరియమ్మ.

ఆయన సుద్దముక్క తీసుకుని నేల మీదే గీశాడు. పొట్టి కాళ్ళు, వెడల్పు వీపు, మెడ నుంచి తోక దాకా వరసలుగా పెంకులు.

"పెంకులేసుకున్న దున్న" అంది ఆవిడ. "ఎవుర్ని తినేది?"

"ఎవరినీ తినేది కాదు. ఆకులే మేసేది."

"అందుకే పెంకులు. కరిచేదానికి ఎందుకూ?"

ఆయన పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే అప్పుడే ఆయన ఆ పిండి డబ్బా తెరిచాడు. "ఇవి ఇలా ఎలా నలిగాయి? ఇది కొత్త దెబ్బ" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మరియమ్మ అంది: "గోతాల్లోనే నలిగినయ్యయ్యా. పైబరువుకి."

ఆవిడ నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకున్నాను. వీధిలో ఎవరు అన్యాయం చేసినా అరిచే నోరు అది. ఆయన తలూపి మూత పెట్టేశాడు. ఒకరి కాయ ఇంకొకరి రాశిలో పడనివ్వని మనిషి, నా తప్పును తీసుకెళ్ళి గోతాల రాశిలో పోసింది. నా కోసం. పెంకుల్ని పారేయడం తెలివితక్కువ. నేను నోరు మెదపకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

చీటీ

మర్నాడు పొద్దున బస్టాండులో ఆవిడ కోసం కాచుకున్నాను. "ఎందుకలా చెప్పారు మరియమ్మగారూ?" అన్నాను.

"ఆ గారు తీసెయ్యండమ్మా, చెవిలో చీమ దూరినట్టుంది." చెవి రుద్దుకుంటూ అంది: "మట్టిలో కూకుని మూడు రోజులు తవ్వారు గదా. ఇంకా మీ పరువు గూడా తవ్వడమెందుకులే అని."

"మీ చేతికి తెలుసు కదా, అది గోతాల తప్పు కాదని."

 ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది.

కాలేజీకి వెళ్ళి కొత్త చీటీ తీశాను. మా సొరుగుల్లో ప్రతి వస్తువుకీ ఒక చీటీ ఉంటుంది. తెచ్చింది ఎవరు, శుభ్రం చేసింది ఎవరు అని. కూలివాళ్ళ పేర్లు ఎవరూ రాయరు. తప్పులు అసలే రాయరు. నేను నల్ల ఇంకుతో రాశాను:

ఏరినది: మరియమ్మ.
పన్ను దొరకబుచ్చుకున్నది: సుగుణ.
షెడ్డు గుంటలో పోయించినది: సుశీల.

తీసుకెళ్ళి శేషగిరిరావు గారి ముందు పెట్టి నిలబడ్డాను.  ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తిడతాడనుకున్నాను, తిట్టించుకునే హక్కు నాకుంది. జేబులోంచి పెన్ను తీసి కింద ఒక వరస రాసి చీటీ నా చేతికిచ్చాడు.

మొసలి అన్నది: శేషగిరిరావు.

తర్వాత చాలామంది నాతో అన్నారు, నీ దిమ్మిస వల్లే కదా ఆ పన్ను బయటపడింది, ఒకరకంగా మంచిదే అయిందిగా అని. ఆ మాట నేను ఒప్పుకోను. పిండి అయిన పదకొండు పెంకుల గుల్లల్లో ఇంకేముందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆ జంతువుకి ఇప్పటికీ పేరు లేదు. పేరు పెట్టడానికి చాలినంత ఎముక లేదని శేషగిరిరావు గారు వ్యాసంలో రాశాడు. చాలకపోవడంలో నా వాటా ఎంతో కూడా తెలియదు. మా సొరుగు మీద మాత్రం మరియమ్మ పెట్టిన పేరే ఉంది, పెంకుల దున్న అని.

అమ్మాయీ, కిటికీ పక్క నాలుగో సొరుగు. ఆ చీటీ పాతబడిందని మార్చకు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారని దాచకు. ఆయన రాసిన వరస కింద ఇంకా కొంచెం చోటుంది. నువ్వు మంచిదానివే అయితే నీకది కావాల్సి వస్తుంది.